ఉదయపు గొంతు ఎందుకు మారింది: రేడియో వ్యాఖ్యాతల నియామకాలు, తొలగింపులు

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాము. చాలా ఏళ్లుగా ఉద్యోగానికి కారులో వెళ్తూ ఒక టాక్ స్టేషన్‌లో (పాటలు కాక మాటలే నడిచే రేడియో) ఒకే వ్యాఖ్యాత కార్యక్రమం వింటున్నాను. ఆయన మాటలన్నీ నాకు నచ్చేవి కావు గాని, ఇంటి పన్నులు, బడుల బడ్జెట్లు, రైళ్ల ఆలస్యాలు, ఏ వంతెన మీద మరమ్మతు జరుగుతోందో ఆయన ద్వారానే తెలిసేవి. ఇటీవల ఒక సోమవారం రేడియో పెడితే ఆ సమయంలో మరో రాష్ట్రంలో తయారయ్యే కార్యక్రమం వస్తోంది. వెబ్‌సైటులో ఆయన ఫొటో తీసేశారు. వీడ్కోలు మాట ఒక్కటి లేదు. ఎవరికో నచ్చని మాటేదో అని ఉంటారా? విజయవాడలో ఆకాశవాణి వింటూ పెరిగినదాన్ని. అక్కడ రాత పరీక్ష, స్వర పరీక్ష ఉంటాయని తెలుసు. ఇక్కడ వ్యాఖ్యాతలను ఎవరు, ఏ లెక్కన ఎంచుకుంటారు? మాలాంటి శ్రోతలు ఉత్తరాలు రాస్తే ఆయనను వెనక్కి తీసుకుంటారా? ఇంకొక మాట. మా అమ్మాయి కాలేజీ రేడియోలో వారానికొక కార్యక్రమం చేస్తోంది, దీన్నే వృత్తిగా పెట్టుకుంటానంటోంది. ఇది చూశాక ఆమెకు ఏం చెప్పాలో తోచడం లేదు. – ఒక పాఠకురాలు, ఎడిసన్

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబులో సగం మీ ఉత్తరంలోనే ఉంది. అమెరికా టాక్ రేడియోలో ఒక వ్యాఖ్యాత ఎందుకు వెళ్లిపోయారో స్టేషన్ వారు సాధారణంగా చెప్పరు. అయితే ఆ స్థానంలోకి ఎవరు వచ్చారో చూస్తే కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు. అదే ప్రాంతంలో పనిచేస్తున్న మరొకరు వచ్చి ఉంటే పాతవారి రేటింగులు తగ్గి ఉండాలి, లేదా కొత్త ఒప్పందం దగ్గర మాట కుదరక పోయి ఉండాలి. వారాల తరబడి రోజుకొకరు వచ్చి నడుపుతూ ఉంటే, పాతవారి నిష్క్రమణ యాజమాన్యానికి కూడా అనుకోకుండా వచ్చిపడిందని, లోపల ఇంకా బేరం సాగుతోందని అనుకోవచ్చు. బయటి ఊరి కార్యక్రమం వచ్చిందంటే మాత్రం అది దాదాపుగా ఖర్చు తగ్గించుకోవడానికి తీసుకున్న నిర్ణయం. ఆయన నోరు జారి ఉంటారన్న మీ అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేను గాని, నోరు జారిన సంగతి పత్రికలకు ఎక్కకుండా ఉండదు. ఏ పత్రికలోనూ రాకుండా, ఏ వివాదమూ లేకుండా ఫొటో మాయమైందంటే జీతాల పట్టికే కారణమని నా అభిప్రాయం.

ఆ లెక్క ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. మీరు వినే స్థానిక వ్యాఖ్యాతకు జీతం, ఆరోగ్య బీమా ఇవ్వాలి. ఆయనకొక నిర్మాత కావాలి, ఫోన్ చేసేవారిని ముందుగా పలకరించి వడకట్టి పంపేవారు కావాలి, కన్సోల్ దగ్గర కూర్చుని ప్రకటనలు, వార్తలు వేళకు నడిపే బోర్డు ఆపరేటరు కావాలి. సిండికేషన్‌లో, అంటే ఒకచోట తయారై అనేక స్టేషన్లకు ఒకేసారి వెళ్లే పద్ధతిలో, వచ్చే జాతీయ కార్యక్రమానికి చాలా స్టేషన్లు నగదు రూపంలో ఏమీ చెల్లించవు. కార్యక్రమం పంపే నెట్‌వర్కు గంటకు కొన్ని నిమిషాల ప్రకటన సమయాన్ని తన దగ్గర ఉంచుకుని దేశమంతటికీ కలిపి అమ్ముకుంటుంది. మిగతా నిమిషాలను స్టేషన్ స్థానిక వ్యాపారులకు అమ్ముకుంటుంది. ఈ ఏర్పాటును ఇక్కడి రేడియోవారు బార్టర్ అంటారు. అటువంటి కార్యక్రమం నడిచే మూడు గంటలకూ స్టేషన్‌కు అయ్యే ఖర్చు ఒక బోర్డు ఆపరేటరు మాత్రమే. కంప్యూటరు నడిపిస్తే అదీ లేదు. కాబట్టి స్థానిక వ్యాఖ్యాతకు రేటింగులు బాగా ఉండటం ఒక్కటే సరిపోదు. తనకూ తన చుట్టూ ఉన్నవారికీ అయ్యే ఖర్చు కంటే ఆయన తెచ్చే అదనపు ఆదాయం ఎక్కువని ప్రతి ఏటా రుజువవుతూ ఉండాలి.

ఇంతకుముందు ఈ లెక్క వేసేవాడు స్టేషన్ మేనేజరు. ఆయన అదే ఊళ్లో ఉండేవాడు, అదే వ్యాఖ్యాతను వినేవాడు, బజారులో శ్రోతల ముఖం చూసేవాడు. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ఒక కంపెనీకి దేశం మొత్తం మీద ఇన్ని స్టేషన్లే ఉండాలన్న పరిమితిని ఎత్తేసింది. పెద్ద నగరాల్లో ఒకే కంపెనీ ఎనిమిది స్టేషన్ల వరకు నడపవచ్చునంది. కొద్ది ఏళ్లలోనే క్లియర్ చానెల్ అనే కంపెనీ చేతిలో వెయ్యికి పైగా స్టేషన్లు పోగుపడ్డాయి. ఇప్పటి ఐహార్ట్‌మీడియా అదే. ఇలా కొనడానికి చేసిన అప్పులు తర్వాత మెడకు చుట్టుకున్నాయి. 2017 నవంబరులో క్యుములస్, 2018 మార్చిలో ఐహార్ట్, 2024 జనవరిలో ఆడసీ అనే పెద్ద రేడియో కంపెనీలు దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్లాయి. అంత అప్పున్న సంస్థలో ఖర్చు తగ్గించమన్న ఆదేశం పైనుంచి సంఖ్య రూపంలో దిగుతుంది. ఆ సంఖ్యకు సరిపడా పేర్లు వెతకడమే స్థానిక అధికారి పని. మీ స్టేషన్ ఈ సంస్థలలో ఒకటి కాకపోయినా, మొత్తం రంగం ఈ గాలిలోనే ఉంది.

ఈ ధోరణి ఎక్కడి దాకా పోగలదో చూపడానికి శాన్ ఫ్రాన్సిస్కోలోని కేజీఓ 810 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. దశాబ్దాల పాటు ఆ ప్రాంతంలో అత్యధిక శ్రోతలున్న స్టేషన్ అది. రాత్రీ పగలూ స్థానిక వ్యాఖ్యాతలే ఊరి విషయాలు మాట్లాడేవారు. 2011 సెప్టెంబరులో అది క్యుములస్ చేతికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు మొదట్లో ఆ వ్యాఖ్యాతలలో చాలామందిని ఒక్కసారిగా తొలగించి, టాక్ స్థానంలో ఎక్కువ భాగం వార్తలు పెట్టారు. శ్రోతలు స్టేషన్‌ను వదిలేశారు. తర్వాతి ఏళ్లలో మళ్లీ టాక్‌కు వచ్చారు, మళ్లీ మనుషులను మార్చారు, పోయిన శ్రోతలు తిరిగి రాలేదు. చివరకు 2022 అక్టోబరులో ముందస్తు హెచ్చరిక లేకుండా టాక్ ఆపేసి, క్రీడల పందేల స్టేషన్‌గా మార్చేశారు. అలవాటు పడిన గొంతులను అన్నిటినీ ఒకే రోజున తీసేస్తే శ్రోతకు స్టేషన్‌తో ఉన్న బంధుత్వమే తెగిపోతుంది. టాక్ రేడియోలో శ్రోత వచ్చేది విషయం కోసం కంటే మనిషి కోసం. యాజమాన్యాలకు ఇది తెలియక కాదు; ఈ మూడు నెలల ఖాతాలో జీతాల ఆదా వెంటనే కనిపిస్తుంది, శ్రోతల నష్టం రెండేళ్ల తర్వాత గాని కనిపించదు.

ఇక ఎంపిక సంగతి. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సరుకు ఉన్నట్టు రాత పరీక్ష, స్వర పరీక్ష ఇక్కడ లేవు. నిర్ణయం ప్రోగ్రామ్ డైరెక్టరుది, పెద్ద స్థానాలకైతే ఆయన మీది కంపెనీ అధికారులది. కొన్నిచోట్ల బయటి నుంచి సలహాదారును కూడా పిలుస్తారు. అభ్యర్థి పంపేది ఎయిర్‌చెక్, అంటే తాను ప్రసారంలో నిజంగా మాట్లాడిన భాగాల రికార్డింగు. అందులో ఉచ్చారణ, గొంతు బరువు చూస్తారనుకుంటాము గాని, అనుభవమున్న ప్రోగ్రామ్ డైరెక్టరు మొదట వినేది వేరు. మొదటి అర నిమిషంలో విషయం చెప్పాడా, లేక నిన్నటి వాతావరణం, తన అల్పాహారం గురించి మాట్లాడుతూ కూర్చున్నాడా? ఫోన్ చేసినవాడు తనతో విభేదిస్తే అతణ్ని నోరెత్తనిచ్చాడా, ఇచ్చి కార్యక్రమాన్ని తన చేతుల్లోనే ఉంచుకున్నాడా? ప్రకటనల విరామానికి ముందు శ్రోత స్టేషన్ మార్చకుండా ఉండటానికి ఏదైనా వదిలిపెట్టి వెళ్లాడా? ఈ చివరి ప్రశ్నకున్న విలువ బయటివారికి వింతగా ఉంటుంది.

దానికి కారణం రేటింగులు కొలిచే పద్ధతి. న్యూయార్క్ వంటి పెద్ద నగరాలలో నీల్సన్ సంస్థ ఎంపిక చేసిన కొంతమంది చిన్న పరికరమొకటి దగ్గర పెట్టుకుని తిరుగుతారు. ప్రసారంలో చెవికి వినపడని సంకేతం కలిపి ఉంటుంది. దాన్ని ఆ పరికరం పట్టుకుని, ఎవరు ఏ స్టేషన్ ఎంతసేపు విన్నారో నమోదు చేస్తుంది. 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్‌లతో ఈ పద్ధతి మొదలైంది. అప్పుడు దాన్ని నడిపిన ఆర్బిట్రాన్ సంస్థను 2013లో నీల్సన్ కొనుక్కుంది. లెక్క పావుగంటల్లో ఉంటుంది. ఒక పావుగంటలో అయిదు నిమిషాలు వింటే ఆ పావుగంట అంతా విన్నట్టు లెక్క వేసేవారు. 2025 నుంచి మూడు నిమిషాలు విన్నా చాలునని మార్చారు. వ్యాఖ్యాతలు గడియారం చూసుకుంటూ ప్రకటనల ముందు ఉత్కంఠ పెంచేది ఇందుకే. ఒక స్టేషన్ వాటాలో పెద్ద భాగం పరికరం పెట్టుకున్న పిడికెడు మంది మీద ఆధారపడిన సందర్భాలూ ఉంటాయి. అటువంటి కుటుంబం ఒకటి ఊరు మారితే, వ్యాఖ్యాతలో ఏ లోపమూ లేకుండానే ఆ నెల అంకె పడిపోతుంది. పైగా ప్రకటనకర్తలు ఎక్కువగా అడిగేది 25 నుంచి 54 ఏళ్ల మధ్య వయసువారి అంకెను. టాక్ రేడియో శ్రోతలలో అంతకంటే పెద్దవారే ఎక్కువ. మీ వ్యాఖ్యాతను అరవై దాటినవారు ఎంత ప్రేమగా విన్నా, ఆ ప్రేమ అమ్మకాల విభాగం పట్టికలో చాలావరకు కనపడదు.

అమ్మకాల విభాగం పట్టించుకునే మరొక అంశముంది: వ్యాఖ్యాత తన గొంతుతోనే చదివే ప్రకటనలు. మా ఇంటి కప్పు వీళ్లే వేశారు, మా ఆవిడ పళ్ల వైద్యుడు ఈయనే, అని వ్యాఖ్యాత చెబితే ఆ వ్యాపారి మామూలు ప్రకటన కంటే ఎక్కువ ఇస్తాడు, ఏళ్ల తరబడి వదలకుండా ఇస్తాడు. స్థానిక వ్యాఖ్యాతను నిలబెట్టగల గట్టి ఆధారం ఇదే. అటువంటి వ్యాపారులు ఆరుగురు వెంట ఉన్న వ్యాఖ్యాతను తీసేయడానికి కంపెనీ రెండుసార్లు ఆలోచిస్తుంది.

ఎయిర్‌చెక్ నచ్చినంత మాత్రాన ఎవరినీ నేరుగా ఉదయపు సమయంలో కూర్చోబెట్టరు. ఉదయం, సాయంత్రం కార్లు రోడ్ల మీద ఉండే వేళలే ఖరీదైనవి. కొత్తవారికి ముందు శనివారం మధ్యాహ్నమో ఆదివారం రాత్రో ఇస్తారు, తర్వాత అసలు వ్యాఖ్యాత సెలవు పెట్టినప్పుడు ఆయన బదులు పిలుస్తారు. సెలవులో బదులు కూర్చునేవారు క్రికెట్ జట్టులో పన్నెండో ఆటగాడి వంటివారు: మైదానంలోకి వచ్చేది తక్కువే అయినా, వచ్చినప్పుడల్లా ఎంపిక సంఘం కళ్లు వారి మీదే ఉంటాయి. డిసెంబరు చివరి రెండు వారాలు, జులై మొదటి వారం మీరు విన్న ఆ కొత్త గొంతులు చాలావరకు పరీక్షకు కూర్చున్న అభ్యర్థులే.

జాతీయ కార్యక్రమాలలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దేశమంతా విన్న రాజకీయ వ్యాఖ్యాత రష్ లింబా సంగతే తీసుకోండి. పిట్స్‌బర్గ్‌లోనూ కాన్సస్ సిటీలోనూ ఉద్యోగాలు పోగొట్టుకుని, 1984లో శాక్రమెంటోలోని కేఎఫ్‌బీకే స్టేషన్‌లో మోర్టన్ డౌనీ జూనియర్ ఖాళీ చేసిన సమయంలో కుదురుకున్నాడు. ప్రసారంలో ఎదుటి పక్షానికీ చోటివ్వాలన్న నిబంధనను ప్రభుత్వ కమిషన్ 1987లో ఎత్తేసింది. మరుసటి ఏడాది ఆగస్టు 1న న్యూయార్క్ నుంచి ఆయన జాతీయ ప్రసారం మొదలైంది. వందలాది స్టేషన్లలో మధ్యాహ్నపు స్థానిక వ్యాఖ్యాతలు క్రమంగా కనుమరుగు కావడానికి ఆ ఒక్క కార్యక్రమం విజయమే పెద్ద కారణం. 2021 ఫిబ్రవరి 17న ఆయన మరణించాక, ప్రసార సంస్థ ప్రీమియర్ వెంటనే వారసుణ్ని ప్రకటించలేదు. కొన్ని నెలలు పాత రికార్డింగుల నుంచి తీసిన ఆయన మాటలే, మధ్యలో తాత్కాలిక వ్యాఖ్యాతలు. స్టేషన్లు జారిపోకుండా ఉండటానికి అది కొనుక్కున్న వ్యవధి. ఈలోగా పోటీ సంస్థ వెస్ట్‌వుడ్ వన్ మే నెలలో అదే సమయానికి డాన్ బాంజినోను దించింది. ప్రీమియర్ తన ఎంపికను జూన్ 21న ప్రసారంలోకి తెచ్చింది: క్లే ట్రావిస్, బక్ సెక్స్టన్. ఇద్దరూ కొత్తవారేమీ కారు; ఒకరు క్రీడల కార్యక్రమంలో, మరొకరు రాత్రి కార్యక్రమంలో అప్పటికే అదే గూటి మనుషులు. 2025 మార్చిలో బాంజినో ఎఫ్‌బీఐ ఉద్యోగానికి వెళ్లినప్పుడు కూడా ఆ సమయం అప్పటికి వాషింగ్టన్‌లో స్థానిక కార్యక్రమం నడుపుతూ ఉన్న విన్స్ కోలియనీస్‌కే దక్కింది. ఒక్కమాటలో చెప్పాలంటే, బయట ఎంత వెతికినట్టు కనిపించినా ఎక్కువసార్లు తలుపు తీసేది లోపలివారికే.

పేరున్న గొంతు పోయాక దాని స్థానంలో కొత్తవారిని తెచ్చినప్పుడు ఏమవుతుందో మీ ప్రాంతంలోనే రెండుసార్లు కనిపించింది. న్యూయార్క్ ఉదయపు వ్యాఖ్యాత హోవర్డ్ స్టర్న్ 2006 జనవరిలో ఉపగ్రహ రేడియోకు వెళ్లిపోయాక, తూర్పు తీరపు స్టేషన్లలో ఆయన బదులు సీబీఎస్ రేడియో రాక్ గాయకుడు డేవిడ్ లీ రాత్‌ను కూర్చోబెట్టింది. పేరు ఉంది, రేడియో అనుభవం లేదు. ఏప్రిల్ ముగిసేలోపు ఆయనను తీసేసి ఓపీ, ఆంథనీ అనే పాత రేడియో జంటను తెచ్చారు. రెండోది డబ్ల్యూఎఫ్‌ఏఎన్ క్రీడల స్టేషన్‌లో. మైక్ ఫ్రాన్సెసా 1989 నుంచి మొదట క్రిస్ రూసోతో కలిసి, 2008 తర్వాత ఒంటరిగా మధ్యాహ్నాలను ఏలాడు. 2017 డిసెంబరులో ఆయన తప్పుకుంటే ముగ్గురితో కొత్త కార్యక్రమం పెట్టారు. వారికి నాలుగైదు నెలలు కూడా నిలదొక్కుకునే వ్యవధి ఇవ్వకుండా, 2018 మే 1న ఫ్రాన్సెసానే తిరిగి తీసుకొచ్చారు. ఆ ముగ్గురి సామర్థ్యం మీద నాకు అనుమానం లేదు. దాదాపు ముప్పయి ఏళ్లు విన్న గొంతు పోయాక వచ్చే మొదటివారిని శ్రోతలు ఎవరైనా సరే కొంతకాలం నిందిస్తారు. ఆ కొంతకాలం ఓర్చుకోగల యాజమాన్యం ఉంటేనే మార్పు నిలుస్తుంది. దీనికి ఎదురుగా ఆస్ట్రేలియాలో సిడ్నీలోని 2జీబీ స్టేషన్ ఉంది. అక్కడి ఉదయపు వ్యాఖ్యాత అలన్ జోన్స్ 2020 మేలో తప్పుకుంటున్నట్టు తానే ముందుగా ప్రసారంలో ప్రకటించాడు. అదే స్టేషన్‌లో ఏళ్లుగా సాయంత్రపు కార్యక్రమం నడుపుతున్న బెన్ ఫోర్డమ్ ఉదయానికి మారాడు. మొదటి స్థానం చేజారలేదు. శ్రోతలకు గొంతు పరిచయం, వీడ్కోలుకు గౌరవం, రెండూ ఉన్నాయి.

మీ వ్యాఖ్యాతకు ఆ గౌరవం దక్కలేదని, వీడ్కోలు మాట ఒక్కటి లేదని రాశారు. ప్రసార లైసెన్సు స్టేషన్‌ది. ప్రసారంలో వచ్చిన ప్రతి మాటకూ జవాబుదారీ దానిదే. ఉద్యోగం పోయిందని తెలిసిన మనిషికి ప్రసారంలో ఉన్న మైకు ఇస్తే ఏం మాట్లాడుతాడోనన్న భయంతో, కార్యక్రమం ముగిశాక గదిలోకి పిలిచి చెప్పి, అప్పుడే తాళపుచెవులు తీసుకుంటారు. ఇది చాలాచోట్ల రివాజు. కొన్ని ఒప్పందాలలో, గడువు మిగిలి ఉన్నా ప్రసారంలోకి రానివ్వకుండా జీతం మాత్రం చెల్లించే వీలు యాజమాన్యానికి ఉంటుంది. అందువల్ల ఆయన ఇప్పటికీ జీతం తీసుకుంటూ, ఆ ఒప్పందం కారణంగానే మౌనంగా ఉండవచ్చు. ఇది అమర్యాద అనే నేనూ అనుకుంటాను. పన్నెండు నిమిషాల వీడ్కోలు రికార్డు చేసి, విని, మరునాడు వేయడానికి అడ్డేమీ లేదు.

నోరు జారి పోయినవారి కథ ఇలా నిశ్శబ్దంగా ఉండదని పైన అన్నాను. 2007 ఏప్రిల్ 4న న్యూయార్క్ ఉదయపు వ్యాఖ్యాత డాన్ ఇమస్ మీ పక్కనే ఉన్న రట్గర్స్ విశ్వవిద్యాలయపు మహిళా బాస్కెట్‌బాల్ జట్టును జాతి పరంగా అవమానిస్తూ మాట్లాడాడు. మొదట రెండు వారాల సస్పెన్షన్ అన్నారు. పెద్ద ప్రకటనకర్తలు ఒకరి తర్వాత ఒకరు తప్పుకోవడం మొదలయ్యాక, 12వ తేదీకల్లా సీబీఎస్ ఆయనను తొలగించింది. ఒప్పందం మీద తగాదా ఆగస్టులో రాజీతో ముగిసింది. డిసెంబరులో ఆయన పోటీ స్టేషన్ డబ్ల్యూఏబీసీలో మళ్లీ ప్రసారంలో ఉన్నాడు. మాట అన్నది 4న, ఉద్యోగం పోయింది 12న. మధ్యలో మారింది ప్రకటనకర్తల మనసు. మరొక రకం నిష్క్రమణ కూడా మీ రాష్ట్రంలో చూసే ఉంటారు. న్యూజెర్సీ 101.5లో ఉదయపు వ్యాఖ్యాతగా ఉన్న బిల్ స్పేడియా 2025లో గవర్నర్ పదవికి రిపబ్లికన్ ప్రైమరీలో పోటీ చేశాడు. అభ్యర్థి గొంతు రేడియోలో వినిపిస్తే ప్రత్యర్థులు కూడా సమాన అవకాశం అడగవచ్చునన్నది చట్టం. అందుకే వ్యాఖ్యాతలు ఎన్నికలలో దిగితే మైకు వదలవలసి వస్తుంది.

లాభాపేక్ష లేకుండా నడిచే ప్రజా రేడియోలో పద్ధతి కొంత మెరుగు. వాషింగ్టన్‌లోని డబ్ల్యూఏఎంయూలో డయాన్ రీమ్ 2016 చివర తప్పుకుంటున్నట్టు చాలా ముందుగానే తెలిపారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి జాషువా జాన్సన్‌ను తెచ్చి, పాత పేరుతో పోల్చి చూడకుండా 1ఏ అన్న కొత్త పేరుతో 2017 జనవరిలో మొదలుపెట్టారు. అయినా ప్రజా రేడియోను కూడా మరీ ఆదర్శంగా చూడకండి. 2004లో జాతీయ ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ తన ఉదయపు వార్తా కార్యక్రమం నుంచి బాబ్ ఎడ్వర్డ్స్‌ను తప్పించింది. 1979 నుంచి ఆ గొంతుతోనే నిద్రలేచిన శ్రోతలు వేలాది ఉత్తరాలు, ఈమెయిళ్లు రాశారు. అవి శ్రోతల విరాళాలతో నడిచే సంస్థకు రాసిన ఉత్తరాలు. నిర్ణయం మారలేదు, ఎడ్వర్డ్స్ అదే ఏడాది ఉపగ్రహ రేడియోలో సొంత కార్యక్రమం పెట్టుకున్నాడు.

కాబట్టి మీ మూడో ప్రశ్నకు జవాబు: ఆయనను వెనక్కి తెమ్మని స్టేషన్‌కు రాసే ఉత్తరం ఒక్కటే అయితే ఫలించడం కష్టం. ఫ్రాన్సెసా తిరిగి రావడానికి కారణం ఉత్తరాలు కావు. పోటీ స్టేషన్‌తో ఉన్న పోరు, ఆయనకు మళ్లీ రావాలని ఉండటం. మీరు నిజంగా ఏదైనా చేయదలచుకుంటే, ఆయన కార్యక్రమంలో తన గొంతుతో చదివిన ప్రకటనల వ్యాపారులను గుర్తు చేసుకోండి. కప్పులు వేసే సంస్థో, కార్ల దుకాణమో, వైద్యశాలో ఉంటుంది. ఆయన మాట విని మీ దగ్గరకు వచ్చామని, ఆయన ఇప్పుడు ఎక్కడ మాట్లాడితే అక్కడ మీ పేరు వినాలనుకుంటున్నామని ఆ యజమానికి నాలుగు వాక్యాలు రాయండి. ఆ ఉత్తరం స్టేషన్‌ను కదిలించకపోయినా ఆయన తర్వాతి ఉద్యోగానికి పెట్టుబడి అవుతుంది. స్టేషన్ ప్రోగ్రామ్ డైరెక్టరుకు రాసేటప్పుడు కోపం కంటే వివరం పనికొస్తుంది: మీ వయసు, ఏ వేళలో ఎంతసేపు వినేవారు, ఇప్పుడు ఆ సమయంలో ఏం వింటున్నారు, స్థానిక విషయాలు మాట్లాడేవారు ఎవరు వచ్చినా మళ్లీ వింటారా. ఆ చివరి మాట ముఖ్యం. ఆ మనిషే కావాలంటే వారు చేయగలిగింది లేదు. ఊరి గురించి మాట్లాడే మనిషి కావాలంటే, వచ్చే ఏడాది బడ్జెట్ సమావేశంలో ఆ ప్రోగ్రామ్ డైరెక్టరు చూపించుకోవడానికి ఒక కాగితమవుతుంది. ఇక ఆయన కోసం పాడ్‌కాస్టులలోనూ యూట్యూబులోనూ వెతుకుతూ ఉండండి. పోటీ స్టేషన్‌లో కొంతకాలం చేరకూడదన్న నిబంధన ఆయన ఒప్పందంలో ఉంటే అది తీరేదాకా కనిపించరు, తీరాక ఎక్కడో ఒకచోట తప్పక తేలుతారు.

మీ అమ్మాయి విషయంలో మీ భయం అర్థమవుతోంది గాని, ఆమెను ఆపమని నేను చెప్పలేను. ఈ వృత్తిలో ఉద్యోగం పోవడం అవమానం కాదు, అనుభవ పత్రంలో ఒక వరుస. ఇప్పుడు దేశమంతా ఎరిగిన రాజకీయ వ్యాఖ్యాత షాన్ హానిటీ మొదటి కార్యక్రమం కాలిఫోర్నియాలో ఒక కాలేజీ స్టేషన్‌లోనే. వివాదంతో అది రద్దయింది. అక్కడి నుంచి అలబామాలోని హంట్స్‌విల్, తర్వాత అట్లాంటా, ఆ తర్వాతే న్యూయార్క్. ఆయన అభిప్రాయాలతో మనకు పని లేదు, దారిని చూడండి. చిన్న ఊరికి, అక్కడి నుంచి కొంచెం పెద్ద ఊరికి వెళ్లక తప్పదు. ఆ మెట్లలో చాలా వాటిని సిండికేషన్ కొట్టేసింది, అందుకే ఇప్పటివారికి ఇది ఇంకా కష్టం. ఏదో ఒక రోజు హైదరాబాదుకో విజయవాడకో వెళ్లి ఇదే పని చేయవచ్చునన్న ఆలోచన ఉంటే దాన్ని పక్కన పెట్టమనండి. ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లు సొంతంగా వార్తలు ప్రసారం చేయడానికి మన దేశంలో అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్లను వినిపించడానికి మాత్రమే ఉంది. కాబట్టి ఇక్కడి అర్థంలో రాజకీయాలు, ఊరి పాలన గురించి రోజుకు మూడు గంటలు వాదించే వ్యాఖ్యాత ఉద్యోగం అక్కడ లేదు. ఉన్నది పాటల మధ్య పలకరించే ఆర్‌జే ఉద్యోగం, అది వేరే నైపుణ్యం.

కాలేజీలో ఉన్నంతకాలం ప్రతి కార్యక్రమం రికార్డు చేసి, ఫోన్ చేసినవారితో మాట్లాడిన భాగాలను విడిగా దాచుకోమనండి. చక్కగా చదివిన ప్రసంగం కంటే, ఎదురు తిరిగిన ఫోన్‌ను నెగ్గుకొచ్చిన మూడు నిమిషాలే ఎయిర్‌చెక్‌లో విలువైనవి. మొదటి ఉద్యోగం మైకు ముందు దొరకకపోతే నిర్మాతగా, బోర్డు ఆపరేటరుగా చేరడానికి వెనకాడవద్దు. క్రిస్మస్ రోజున వ్యాఖ్యాత రాలేకపోతే ఫోన్ వెళ్లేది అప్పటికే భవనంలో ఉన్న మనిషికే. ప్రకటన రాయడం, చదవడం, వ్యాపారితో మాట్లాడటం ఇప్పుడే నేర్చుకోవాలి. దీన్ని చిన్నచూపు చూసే యువకులు నాకు చాలామంది తెలుసు, వారిలో ఎక్కువమంది ఇప్పుడు వేరే ఉద్యోగాలలో ఉన్నారు. స్టేషన్‌లో నటులు, ప్రసార ఉద్యోగుల కార్మిక సంఘమైన సాగ్-ఆఫ్ట్రా ఉంటే చేరమనండి.

మొదటి ఒప్పందం చేతికి వచ్చిన రోజున సంతోషంతో ఆ సాయంత్రమే సంతకం పెట్టనివ్వకండి. ఒక న్యాయవాదికి చూపించి మూడు విషయాలు అడగాలి. తొలగిస్తే ఎన్ని వారాల జీతం ఇస్తారు, తొలగించాక పోటీ స్టేషన్‌లో చేరకుండా ఎంతకాలం ఆపగలరు, కార్యక్రమం పేరు, పాత రికార్డింగులు, పాడ్‌కాస్టు ఖాతా ఎవరి సొత్తు. రెండో విషయంలో ఆమె పనిచేసే రాష్ట్రాన్ని బట్టి జవాబు మారుతుంది. నది అవతల న్యూయార్క్‌లో, ఉద్యోగం ముగిశాక ప్రసార ఉద్యోగులను ఇలా కట్టిపడేయకుండా 2008లో చట్టం వచ్చింది, అయితే యాజమాన్య స్థాయి ఉద్యోగులకు అది వర్తించదు. మూడో విషయాన్ని మాత్రం ఏ రాష్ట్రంలోనైనా కాగితం మీద తేల్చుకోవాలి. మీ వ్యాఖ్యాత ఫొటోతో పాటు ఆయన పాత కార్యక్రమాలు కూడా వెబ్‌సైటు నుంచి మాయమయ్యాయేమో చూడండి. మాయమై ఉంటే, ఆ వాక్యం ఆయన ఒప్పందంలో స్టేషన్ వైపు రాసి ఉండవచ్చు.